గోల్ఫు పచ్చిక కింద గోలకొండ తోట

పిల్లలూ, మేకల కాపరి తన మందను కనిపెట్టి ఉండడానికి బండ ఎక్కుతాడు. రాజు తన శత్రువును కనిపెట్టి ఉండడానికి కొండ ఎక్కి కోట కడతాడు. ధనికులు చల్లగాలి కోసం ఎత్తయిన చోటు చూసుకుని ఆటస్థలం ఏర్పాటు చేసుకుంటారు. ఎత్తయిన చోటంటే అందరికీ ఇష్టమే.

ఒకే మిట్ట చుట్టూ ఈ పనులన్నీ ఒకదాని తరువాత ఒకటి జరిగాయనుకోండి. ఒకప్పుడు తోట, తరువాత కోట, ఆ తరువాత ఆటస్థలం. ఇప్పుడు పాతదాన్ని బాగుచేయాలంటే ఏ పాతదాన్ని బాగుచేయాలి?

ఇది ఊహించి చెప్పిన సంగతి కాదు. అటువంటి మిట్ట మన తెలంగాణలోనే ఉన్నది. మా రాజంపేట నుంచి కామారెడ్డి చేరి, అక్కడ రైలో బస్సో ఎక్కితే నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. హైదరాబాదులో గోలకొండ కోట మీలో చాలామంది చూసే ఉంటారు. కాని ఆ కోటకు ఈశాన్యాన అంటుకుని ఉన్న "నయా ఖిల్లా", అంటే కొత్త కోట, చూసినవారు తక్కువ. అక్కడ గోడల మధ్య గోల్ఫు ఆడతారు. ఆ పచ్చిక కింద ఒక పాదుషాల తోట ఉన్నది.

గోళీల గుంటకు పెద్దన్న

ముందుగా ఆ ఆట సంగతి తెలుసుకుందాం. మీరు గోళీలాటలో గోళీని వేలితో కొట్టి గుంటలో పడవేస్తారు గదా? గోల్ఫు కూడా అంతే. కాకపోతే వేలికి బదులు పొడవాటి కర్ర, నాలుగు బారల దూరానికి బదులు నాలుగైదు వందల గజాల దూరం. బంతి చిన్నది; అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. గుంట అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు. ఇటువంటి గుంటలు 18 ఉంటాయి. అందరికన్న తక్కువ దెబ్బలతో 18 గుంటలూ పూర్తిచేసినవాడు గెలిచినట్టు.

ఈ ఆట స్కాట్లండు దేశంలో పెరిగింది. అక్కడ 1457లో రెండవ జేమ్సు రాజు కాలపు పార్లమెంటు ఈ ఆట ఆడరాదని శాసనం చేసింది. ఎందుకో తెలుసా? కుర్రవాళ్ళు విలువిద్య నేర్చుకోవడం మానేసి బంతి వెంట పరుగెత్తుతున్నారట! యుద్ధం వస్తే బాణం వేసేవాడెవడని రాజుగారి బెంగ. అయినా ఆట ఆగలేదు. ఆ దేశంలోని సెయింట్ ఆండ్రూస్ మైదానంలో 1764లో 18 గుంటల పద్ధతి వచ్చింది. అదే తరువాత లోకమంతటికీ నియమమయింది.

గోల్ఫు బంతిని చేతికి తీసుకుని చూడండి. నున్నగా ఉండదు, ఒళ్ళంతా మూడు నాలుగు వందల చిన్న చిన్న గుంటలు ఉంటాయి. నున్నని బంతే బాగా దూరం పోతుందని మనం అనుకుంటాం. నిజానికి నున్నని బంతి దీనిలో సగం దూరం మాత్రమే పోతుంది. బంతి గాలిలో దూసుకుపోతున్నప్పుడు దాని వెనుక సుడిగాలి వంటి ఖాళీ ఏర్పడి బంతిని వెనక్కు లాగుతుంది. బంతిపై గుంటలున్నట్టయితే పలుచని గాలి పొర బంతిని మరికొంత దూరం అంటిపెట్టుకుని పోతుంది. అందుచేత వెనుక ఖాళీ చిన్నదవుతుంది, లాగుడు తగ్గుతుంది.

మన దేశానికి ఈ ఆటను తెచ్చినవారు ఇంగ్లీషువారు. కలకత్తాలో 1829లో గోల్ఫు క్లబ్బు పెట్టారు. బ్రిటిషు దీవుల వెలుపల వెలసిన గోల్ఫు క్లబ్బులలో ఇంత పాతది మరొకటి లేదు. ఎండలకు ఓర్వలేక వేసవిలో కొండలెక్కినప్పుడు వారు ఆటను కూడా వెంట తీసుకుపోయారు. ఉదకమండలంలో, కొడైకెనాలులో, కాశ్మీరంలోని గుల్మార్గులో, సిమ్లా దగ్గర నాల్దెహ్రాలో అలా కొండలమీద గోల్ఫు మైదానాలు ఏర్పడ్డాయి. నాల్దెహ్రా అందానికి ముచ్చటపడి వైస్రాయి కర్జను ప్రభువు తన మూడవ కుమార్తె పేరులో ఆ ఊరి పేరు కూడా చేర్చాడు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. 18 గుంటల మైదానానికి నూరు ఎకరాలకు పైగా నేల కావాలి. నగరంలో అంత ఖాళీ నేల ఎక్కడ దొరుకుతుంది? పాత కోటలోపల దొరుకుతుంది. మన కథకు ములుపు ఇక్కడే ఉన్నది.

శత్రువుకు మెట్టు అయిన మిట్ట

ఇక గోలకొండకు పోదాం. అది నల్లరాతి బండల కొండ. మన రాజంపేట చుట్టుపట్ల కనిపించే గుండ్ల జాతి రాయే అక్కడా ఉన్నది. కొండ ఎత్తు సుమారు 120 మీటర్లు. కాకతీయుల నాడు అక్కడ మట్టికోట ఉండేదని చెబుతారు. తరువాత బహమనీ సుల్తానులది అయింది. 1518లో కులీ కుతుబ్ షా స్వతంత్రుడై దాన్ని రాతికోటగా పెంచసాగాడు. ఆయన వంశంవారే 1591లో హైదరాబాదు నగరం కట్టారు.

కోటకు ఎంత గట్టి గోడ ఉన్నా ఒక చిక్కు ఉన్నది. గోడ బయట దగ్గరలో ఎత్తయిన మిట్ట ఉంటే, శత్రువు దానిమీదికి ఫిరంగులు ఎక్కించి కోటలోకి గురిపెట్టగలడు. ఏడవ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో ఈ చిక్కే వచ్చింది. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించాడు. అప్పటికి ఆయన ఇంకా చక్రవర్తి కాలేదు. తండ్రి షాజహాను తరపున దక్కనును పాలిస్తున్నాడు. మొగలు సైన్యానికి కోట ఈశాన్యాన ఉన్న మిట్ట బాగా అక్కరకు వచ్చింది. చివరకు ఢిల్లీ నుంచి షాజహాను ఆజ్ఞ వచ్చి ముట్టడి ఆగింది. అబ్దుల్లా చాలా ధనం ఇచ్చుకుని, తన కుమార్తెను ఔరంగజేబు కొడుకుకిచ్చి పెండ్లి చేసి, ఎలాగో గండం గడిపాడు.

గండం గడిచిన తరువాత సుల్తాను ఆ మిట్టవైపు చూశాడు. మిట్టను తవ్వి పారబోయడం సాధ్యం కాదు. కనుక దాన్ని కూడా కోటలో కలుపుకుంటూ కొత్తగా గోడలు, బురుజులు కట్టించాడు. శత్రువుకు మెట్టు అయిన మిట్ట ఇప్పుడు కోటకు కాపలా అయింది. ఇదే నయా ఖిల్లా. దాని బురుజులలో ఒకటి తొమ్మిది రేకుల పువ్వులాగ గుండ్రని ముఖాలతో ఉంటుంది. ఏ దిక్కునుంచి శత్రువు వచ్చినా ఏదో ఒక ముఖం ఎదురవుతుంది.

అయితే 1687లో ఔరంగజేబు మళ్ళీ వచ్చాడు, ఈసారి చక్రవర్తిగా. ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగులు చేయలేని పని లంచం చేసింది. లోపలివాడే రాత్రివేళ తలుపు తీశాడు. ఎంత పెద్ద గోడనైనా తాళం చెవి పట్టినవాడే కాపాడాలి. ఈ మాట మనకు మళ్ళీ పనికి వస్తుంది.

ఏనుగు చెట్టు

నయా ఖిల్లాలో గోడలకన్న ముందే అక్కడ ఉన్నవి కొన్ని ఉన్నాయి. ముల్లా ఖియాలీ అనే కవి పేరు మీద ఒక చిన్న మసీదు ఉన్నది. దాని దగ్గరనే "హాతియాన్ కా ఝాడ్", అంటే ఏనుగుల చెట్టు, ఉన్నది. అది బయోబాబ్ చెట్టు. దాని పుట్టిల్లు ఆఫ్రికా. ఆఫ్రికానుంచి వచ్చినవారు సుల్తానుకు కానుకగా మొక్క తెచ్చి ఇచ్చారని చెప్పుకుంటారు. వయస్సు నాలుగు వందల ఏళ్ళకు పైగా అంటారు.

దాని మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు! మీ తరగతిలో ఇరవైమంది చేతులు చాచి, వేళ్ళు తగిలించుకుని నిలబడితేగాని దాన్ని చుట్టలేరు. బెరడు ఏనుగు తోలులాగ బూడిదరంగుగా, ముడతలుగా ఉంటుంది. ఆఫ్రికాలో ఈ చెట్టు పెరిగే చోట్ల వానలు కొద్ది నెలలే పడతాయి. అందుచేత ఈ చెట్టు వాన కురిసినప్పుడు తన మెత్తని మొదలులో నీరు దాచుకుని, ఎండలలో ఆకులు రాల్చి పొదుపుగా బతుకుతుంది. పువ్వులు రాత్రిపూట విచ్చుకుంటాయి; గబ్బిలాలు వచ్చి తేనె తాగి పుప్పొడి మోసుకుపోతాయి. ముసలిచెట్ల లోపల పెద్ద పెద్ద తొర్రలు పడతాయి. గోలకొండ చెట్టు తొర్రలో దొంగలు దాక్కునేవారని కథలున్నాయి.

మసీదూ చెట్టూ ఉన్నచోట మనుషుల రాకపోకలు ఉండే ఉండాలి. గోడ కట్టకముందే అక్కడ జీవితం ఉన్నదన్నమాట. మరి ఆ జీవితం ఎటువంటిది? చాలాకాలం ఎవరికీ స్పష్టంగా తెలియదు. నేను పిల్లలను గోలకొండకు తీసుకుపోయినప్పుడల్లా ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది: "కోట సరే, తోటలెక్కడ సార్?" రాజుల తోటల గురించి కథలలో చదువుకున్న పిల్లలు మరి!

నేలను తట్టి చూశారు

ఆ ప్రశ్నకు జవాబు నేల కిందనే ఉన్నది. 2014లో భారత పురావస్తు శాఖవారు నయా ఖిల్లాలో తవ్వకాలు జరిపారు. గునపం పెట్టడానికి ముందు వారు నేలలోకి చూసే రాడారును ఉపయోగించారు. సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మ దాన్ని వేలితో తట్టి చూస్తుంది గదా? పగులు ఉంటే శబ్దం మారుతుంది. రాడారు కూడా అటువంటిదే. అది నేలలోకి రేడియో తరంగాలను పంపుతుంది. మట్టి ఉన్నంతవరకు తరంగం ఒక విధంగా పోతుంది. రాయి, గచ్చు, గొట్టం, ఖాళీ వంటివి తగిలితే కొంత వెనక్కు తిరిగి వస్తుంది. తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి అది ఎంత లోతున ఉన్నదో లెక్కకడతారు. నేలను గాయపరచకుండానే లోపలి గీతలు తెలుస్తాయి. ఆ గీతలను చూసి ఎక్కడ తవ్వాలో నిర్ణయిస్తారు.

అలా తవ్వితే కనిపించింది తోట! ఎగువ భాగం ఒకటి, దిగువ భాగం ఒకటి. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిమధ్యగా ఒక నీటికాలువ. దానికి అటూ ఇటూ అద్దంలో ప్రతిబింబంలాగ సమానమైన ఏర్పాట్లు. నడకదారులు, ఫౌంటెన్లు, నీరు తేరే తొట్లు, కాల్చిన మట్టి గొట్టాలు బయటపడ్డాయి. ఈ తోట ఒక్క సుల్తాను పని కాదనీ, ఒకరి తరువాత ఒకరు కొంత కొంత పెంచినదనీ పురావస్తు శాఖవారి అభిప్రాయం. పక్కనే ఉన్న శాతం చెరువునుంచి తోటకు నీరు అందేది.

కరెంటూ మోటారూ లేని రోజులలో ఫౌంటెన్లు ఎలా చిమ్మేవి? ఇందులో రహస్యం ఏమీ లేదు. నీటి స్వభావం తెలియడమే. మీరే చేసి చూడండి. ఒక బకెట్టు నిండా నీళ్ళు పోసి ఎత్తయిన బల్లమీద పెట్టండి. సన్నని రబ్బరు గొట్టం ఒక కొన బకెట్టులో ముంచి, రెండవ కొనను నోటితో పీల్చి నీరు రాగానే కిందికి దించండి. ఆ కొనను పైకి తిప్పి, దానికి సన్నని బెజ్జం ఉన్న మూత బిగించండి. నీరు సన్నని ధారగా పైకి చిమ్ముతుంది. బకెట్టును ఇంకా ఎత్తుకు లేపితే ధార ఇంకా ఎత్తుకు లేస్తుంది. కాని బకెట్టులోని నీటిమట్టాన్ని మించి మాత్రం ఎప్పుడూ లేవదు. గొట్టం లోపల రాపిడివల్ల కొంత ఎత్తు పోతుంది కూడా.

సుల్తానుల పనివారికి ఈ లెక్క బాగా తెలుసు. అందుకే తోటను వాలుగా రెండు అంచెలుగా వేశారు. ఎగువ నీటి ఎత్తే దిగువ ఫౌంటెనుకు బలం. చెరువు నీటిలో బురద ఉంటుంది. అది సన్నని గొట్టాలలోకి పోతే పూడుకుపోతాయి. కనుక నీటిని ముందు తొట్లలో నిలవేసి, బురద అడుగుకు దిగిన తరువాత పైతేట నీటిని వదిలేవారు. మీ ఇంట్లో వానాకాలం బిందెలో నీరు తేరనిచ్చి వంచుకోవడంలాంటిదే ఈ ఏర్పాటు.

ఇప్పుడు మిట్ట సంగతి మరొకవిధంగా కనిపిస్తుంది. సేనానికి అది ఫిరంగి పెట్టుకునే ఎత్తు. తోటమాలికి ఆ చుట్టుపక్కల వాలు నీరు పారే బలం.

మైదానం వచ్చింది

తోట నిండుగా ఉన్న కాలం పోయింది. రాజ్యం పోయాక కాలువలను శుభ్రం చేసేవారు లేరు. మట్టి చేరింది, గడ్డి మొలిచింది, తోట కనుమరుగయింది. తరువాతి కాలంలో అక్కడ రైతులు సేద్యం చేసుకునేవారు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అక్కడ గోల్ఫు మైదానం తయారయింది. కోటగోడల లోపలా బయటా అది వ్యాపించింది. హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ దాన్ని నడుపుతున్నది. నేల పోగొట్టుకున్న రైతులూ, చరిత్ర అభిమానులూ అభ్యంతరం చెప్పారు. మైదానం వచ్చిన తరువాత మామూలు జనం ఏనుగు చెట్టు దగ్గరికీ బురుజుల దగ్గరికీ స్వేచ్ఛగా పోవడం కష్టమయిందని చాలామంది ఫిర్యాదు చేశారు.

రెండవ పక్షం మాట కూడా వినాలి. హైదరాబాదు ఎంత వేగంగా పెరిగిందో మీకు తెలుసు. ఖాళీగా కనిపించిన చోటనల్లా మేడలు లేచాయి. "మైదానంగా ఉండబట్టే అక్కడ ఇళ్ళు పడలేదు, పచ్చదనం మిగిలింది" అని ఆట వైపువారు అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. మేడ పునాది పాత గచ్చును ముక్కలు చేస్తుంది. పచ్చిక అంతపని చేయదు.

అయితే పచ్చిక అంటే ఉత్త గడ్డి అనుకోకండి. గోల్ఫు పచ్చికకు నేలను ఎత్తుపల్లాలు సరిచేయాలి, మట్టి తెచ్చి పోయాలి, గొట్టాలు పరచాలి, ఎండాకాలంలో రోజూ తడపాలి, ఎరువు వేయాలి. కింద సున్నపుగచ్చు ఉన్నచోట ఎప్పుడూ చెమ్మ ఉంటే ఏమవుతుంది? నీటిలో కరిగిన ఉప్పులు గచ్చులోకి ఎక్కుతాయి. తడి ఆరినప్పుడు ఆ ఉప్పులు గట్టిపడి ఉబ్బుతాయి. గచ్చు పొరలు పొరలుగా రాలుతుంది. మీ ఊరి పాత గోడ అడుగున తెల్లని పొడి రాలడం చూశారా? అదే ఇది.

గోలకొండ కోట చట్టరీత్యా కాపాడవలసిన కట్టడం. 1958లో చేసిన పురాతన కట్టడాల చట్టం ఇటువంటివాటికి రక్ష. 2010లో దాన్ని సవరించి, రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపల కొత్త నిర్మాణం కూడదనీ, ఆ పైన మరొక 200 మీటర్లలో అనుమతి లేనిదే ఏదీ కట్టరాదనీ నియమం పెట్టారు. గోలకొండ కోట, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినారు కలిపి 2010లోనే యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. మన రామప్ప గుడికి 2021లో ఆ గౌరవం దక్కింది. గోలకొండకు ఇంకా దక్కవలసి ఉన్నది.

అమెరికాలో ఇటువంటి కథే

ఇటువంటి పేచీ మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నెవార్క్ అనే ఊరున్నది. అక్కడ సుమారు రెండు వేల ఏళ్ళ కిందట ఆ దేశపు ఆదివాసుల పూర్వులు మట్టికట్టలు పోశారు. ఒక కట్ట ఎనిమిది మూలల ఆకారంలో 50 ఎకరాలను చుట్టి ఉంటుంది. దానికి ఆనుకుని ఇంకొక కట్ట చక్కని వలయంగా 20 ఎకరాలను చుట్టి ఉంటుంది. యంత్రాలు లేవు, గుర్రాలు లేవు. కోసుగా చెక్కిన కర్రలతో తవ్వి, బుట్టలతో మోసి పోశారు.

ఇంత శ్రమ ఎందుకు? చంద్రుడు ఉదయించే చోటు ప్రతిరోజూ ఒకటే కాదని మీరు గమనించే ఉంటారు. ఆ చోటు ఉత్తరానికి బాగా దూరం పోయి మళ్ళీ అదే కొసకు రావడానికి 18.6 ఏళ్ళు పడుతుంది. నెవార్క్ కట్టలు ఆ కొసలను గురిచూసి పోసినవి. అంటే తాత చూసినది మనుమడికి చెప్పి, మనుమడు మళ్ళీ చూసి గుర్తుపెట్టి, తరాలపాటు ఆకాశాన్ని కనిపెట్టి ఉన్న తరువాతనే ఆ కట్టలు లేచి ఉండాలి.

అటువంటి చోటును 1910లో ఒక గోల్ఫు క్లబ్బుకు అద్దెకు ఇచ్చారు. నూరేళ్ళకు పైగా ఆ కట్టలమీదుగా బంతులు ఎగిరాయి. ఆట ఉన్నందువల్ల అక్కడ ఇళ్ళు లేవలేదు, కట్టలు నిలిచాయి. కాని బయటివారికి ఆవరణ అంతా తిరిగి చూడడానికి ఏడాదిలో నాలుగు రోజులు మాత్రమే దొరికేవి. ఆ కట్టలు పోసినవారి వంశంలోని వారు కూడా తక్కిన రోజులలో బయట నిలబడవలసిందే. వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కింది. 2022 డిసెంబరులో ఒహాయో సుప్రీంకోర్టు చరిత్ర సంస్థకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2023 సెప్టెంబరులో ఆ కట్టలు ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 2024లో క్లబ్బుకు తగిన సొమ్ము ఇచ్చి ఒప్పందం చేసుకున్నారు. 2025 జనవరి 1 నుంచి ఆ ఆవరణ అందరికీ తెరిచారు.

చూశారా, అక్కడ ఎవరూ ఎవరినీ మెడపట్టి గెంటలేదు. న్యాయం అడిగారు, పరిహారం ఇచ్చారు, తాళం తీశారు. దానికి ఓపిక కావలసివచ్చింది.

బాగుచేయడం అంటే ఏమిటి?

పాతదాన్ని బాగుచేయడం అంటే కొత్తగా కట్టడం కాదు. దీనికి మన దగ్గర మంచి ఉదాహరణలు రెండున్నాయి. రెండింటికీ 2022లో యునెస్కోవారి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాలు వచ్చాయి.

ఒకటి గోలకొండ మెట్లబావులు. ఇవి నయా ఖిల్లాకు దగ్గరలో, కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ఉన్నాయి. 2013 వానలకు వాటిలో పెద్దదయిన బడీ బావలీ గోడ ఒకవైపు కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్టువారు ప్రభుత్వంతో కలిసి పని చేపట్టి, పడిన రాళ్ళను ఏరి, సున్నంతో మళ్ళీ పేర్చారు. ఇప్పుడు ఆ బావిలో వాననీరు నిలుస్తున్నది. అంటే బావి రూపమే కాదు, బావి పని కూడా తిరిగి వచ్చింది.

రెండవది మా జిల్లాలోనే, మాకు పొరుగున ఉన్నది. అది దోమకొండ కోట. దోమకొండ సంస్థానపు ప్రభువుల కోట అది. లోపల కాకతీయుల కాలపు మహాదేవుని ఆలయం ఉన్నది. పాడుపడిన ఆ కోటను వంశంవారు పూనుకుని బాగుచేయించారు. పెద్ద పట్నంలోనే ఇటువంటి పనులు జరుగుతాయని అనుకోకండి. పొలాల మధ్య ఉన్న మా కామారెడ్డి జిల్లా కోటకు కూడా దేశాంతరాలలో మెప్పు వచ్చింది.

ఈ పనులలో సిమెంటు వాడరు. సిమెంటు గట్టిదే, కాని పాత గోడకు అది పడదు. పాత గోడ చెమ్మను పీల్చుకుని మెల్లగా వదులుతుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలనే చిక్కుకుని రాతిని తింటుంది. కనుక సున్నాన్ని నీటిలో చాలారోజులు నానవేసి, ఇసుక కలిపి గానుగలో మెత్తగా నూరి, బెల్లపునీళ్ళు, కరక్కాయ కషాయం వంటివి చేర్చి పాతకాలపు పద్ధతిలోనే గచ్చు తయారుచేస్తారు. ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీలు దొరికితే వారి దగ్గర పడుచువారు నేర్చుకుంటారు. గోడ నిలవడమే కాక, చేతిపని కూడా నిలుస్తుంది.

మరి నయా ఖిల్లా తోట మాట? నాకు తోచిన క్రమం చెబుతాను. మొదట నేల కింద ఏమున్నదో పూర్తిగా తెలుసుకోవాలి. తవ్వింది కొంతే, రాడారుతో తక్కినది కూడా చూసి పటం గీయాలి. రెండవది, పటంలో తోట ఉన్నదని తేలిన చోట మట్టి కదపడం, గొట్టాలు పరచడం, నీరు నిలపడం ఆపాలి. మూడవది, చెరువునుంచి కాలువలోకి నీరు పారిందంటే ఫౌంటెను చిమ్మగలదా అని పరీక్ష చేయాలి. నాలుగవది, చెట్టునూ బురుజునూ తోటనూ చూడడానికి పిల్లలకు దారి ఇవ్వాలి. ఈ నాలుగూ చేశాక మిగిలిన నేలలో ఆట ఎంతవరకు సాగవచ్చునో పెద్దలు కూర్చుని తేల్చుకోవచ్చు. ఎందుకంటే ఆటస్థలాన్ని మరొకచోట చేసుకోవచ్చు. ఇబ్బంది అయితే కావచ్చుగాని అసాధ్యం కాదు. నాలుగు వందల ఏళ్ళ మట్టిగొట్టం ఒకసారి పగిలిందంటే, అది ఏ దారిన పోయిందో చెప్పేవారు లోకంలో ఇంకెవరూ లేరు.

1687లో కోట తలుపు లోపలినుంచే తెరుచుకున్నదని చెప్పాను గదా? చట్టం కూడా కోటగోడవంటిదే. అది ఎంత ఎత్తయినదయినా, తాళం చెవి ఉన్నవారు, అంటే మనమే, జాగ్రత్తగా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది.

పిల్లలూ, మీకొక పని. మీ ఊరి చుట్టూ ఒకసారి నడవండి. పాత బురుజు, పూడిన బావి, పొలంలో ఒంటరిగా నిలిచిన రాతి స్తంభం, తూము, కట్ట, మహా వృక్షం - ఏది కనిపించినా ఒక నోటుపుస్తకంలో రాయండి. అది ఎక్కడున్నది, ఎంత పొడవు, ఎంత ఎత్తు, దాన్ని గురించి మీ తాతలు ఏమంటారు - ఈ నాలుగు సంగతులు చాలు. చెట్టయితే చుట్టుకొలత తాడుతో కొలవండి. శాసనం ఉంటే దానిపైన రంగు పూయకండి, గీయకండి. ఎక్కడున్నదో మీ మాస్టారికి చెప్పండి. దేన్నీ తవ్వకండి, తవ్వడం తెలిసినవారు చేయవలసిన పని.

మీ బడిలో పదిమంది ఇలా రాస్తే మీ ఊరికి ఒక పటం తయారవుతుంది. రేపు అక్కడ రోడ్డు వేయబోయేవారూ, మైదానం చేయబోయేవారూ ముందు ఆ పటం చూస్తారు. నయా ఖిల్లాలో అటువంటి పటం ముందే ఉండి ఉంటే పచ్చిక పరిచేవారికి కింద ఏమున్నదో తెలిసి ఉండేది.